బొమ్మ గీసి అడిగిన నీళ్ళు

వేలూరు పోయి వచ్చి నెల దాటింది. కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ నీళ్ళు లేని ఆ వెడల్పాటి ఏరే కనిపిస్తుంది. ఎండకు మెరిసే ఇసుక, ఆ ఇసుకలో సైకిలు నడిపించుకుంటూ అవతలి ఒడ్డుకు పోయే మనుషులు, వాళ్ళ వెనక పొడుగ్గా సాగే నీడలు. మా గోదావరి వైపు ఏరు దాటాలంటే పడవ కోసం ఎదురుచూడాలి. పాలారు దాటడానికి చెప్పులుంటే చాలు.

నేను పోయింది కోట చూడటానికి కాదు. హైదరాబాదులో మా ఆఫీసు పని కంప్యూటర్లోకి పటాలు ఎక్కించడం. ఊళ్ళు, బావులు, కాలవలు, రోడ్లు అన్నీ ఎక్కించాక ఆ పటాన్ని ప్రశ్నలు అడగవచ్చు. ఏటికి దగ్గరగా, రోడ్డుకు దూరంగా ఉన్న బావులు ఎక్కడున్నాయి అంటే చూపిస్తుంది. అయితే ఆ ప్రశ్నను ఇంగ్లీషులో, యంత్రానికి మాత్రమే నచ్చే వ్యాకరణంలో టైపు చెయ్యాలి. ఆ టైపు అక్కర్లేకుండా చెయ్యాలని నేనూ మరో ఇద్దరూ మూడేళ్ళుగా కూర్చున్నాం. పలకలాంటి పరికరం ఒకటుంది, దాన్ని ఒళ్ళో పట్టే బ్యాటరీ కంప్యూటరుకు తగిలిస్తాం. దాని మీద పెన్నుతో వంకర గీత గీసి పక్కనున్న ఏరు బొమ్మ నొక్కాలి. సున్నా చుట్టి బావి బొమ్మ నొక్కాలి. అలాంటి అమరిక పటంలో ఎక్కడెక్కడ ఉందో కంప్యూటరు వెతికి తెర మీద మెరిపిస్తుంది. చదువు రానివాళ్ళు కూడా పటాన్ని అడగగలగాలని మా ఆశ.

బయటి సరుకులకు దేశం తలుపులు తెరుచుకుంటున్న రోజులివి. విదేశీ పటాల ప్రోగ్రాములు నున్నటి అట్టపెట్టెల్లో మా బల్లల మీదికి వచ్చేస్తున్నాయి. "మీ బొమ్మలతో చదువు రాని ఒక్క మనిషి తనకు కావలసింది అడగగలిగితే చూపించండి. లేదంటే పెట్టె కొనేద్దాం" అన్నారు డైరెక్టరు గారు. వేలూరు ప్రాంతపు పటం మా దగ్గర తయారుగా ఉంది. అక్కడ తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, వాళ్ళలో చాలామందికి తెలుగు అక్షరం రాదు. అందుకే అక్కడికి బయల్దేరాను.

తొరపాడిలో సున్నం గీతలు

మొదటి రోజు తొరపాడిలో ఒక శిక్షణ కేంద్రం హాల్లో పరికరం పెట్టుకున్నాను. వచ్చినవాళ్ళంతా చదువుకున్నవాళ్ళే. ఒక లెక్చరరు గారు ఎంతో అందంగా ఏరు గీసి, దానికి కుడివైపున బావి పెట్టారు. కంప్యూటరు చాలాసేపు ఆలోచించి, అలాంటిది ఒక్కటీ లేదంది. ఏటి పక్కన వందల బావులున్నాయని హాల్లో అందరికీ తెలుసు. ఆయన ఉద్దేశం "ఏటి పక్కన" అని మాత్రమే. యంత్రం మాత్రం కుడివైపే, అంతే దూరంలో, ఏరు సరిగ్గా అన్నే వంకరలు తిరిగే చోటే వెతికింది. నోటితో చెబితే అవసరమైనంతే చెబుతాం. గీస్తే మాత్రం అనుకోనివన్నీ కాగితం మీద పడతాయి. ఆ సంగతి నాకు తెలియనిది కాదు గానీ, పదిమంది ముందు అలా నిలబడాల్సి వచ్చేసరికి చెవులు వేడెక్కాయి.

హాలు వెనక కొత్త గది కడుతున్నారు. మధ్యాహ్నం అందరూ వెళ్ళాక, కిటికీలోంచి ఒకాయన తలపాగా తీసి మొహం తుడుచుకుంటూ తొంగిచూశాడు. ఆయన పేరు గోవిందప్ప. ఆ గది కట్టే మేస్త్రీ.

"తెలుగోళ్ళా అమ్మా మీరు? యాడ నుంచి వస్తిరి?" అన్నాడు. చెప్పాను. లోపలికొచ్చి పలకను చాలాసేపు చూశాడు. జరిగింది చెబితే నవ్వలేదు.

"మీ మనసులో ఉండేది దానికి ఎట్ల తెలుస్తాదమ్మా? ఇట్ల రాండి" అని బయటికి తీసుకుపోయాడు. పునాదికి నేల మీద సున్నంతో ముగ్గు పోసి ఉంది. కొన్ని గీతలు మేకుల మధ్య దారం కట్టి దిట్టంగా పోసినవి. కొన్ని చేత్తో పల్చగా విదిలించినవి.

"దిట్టంగా ఉండేది కొలత. అది అంగుళం జరగకూడదు. పల్చంది ఊరికే గుర్తుకు. మెట్లు ఈడ రావచ్చు, ఆడా రావచ్చు. మా ఆళ్ళకి చెప్పే పని లేదు. గీత చూస్తేనే తెలుస్తాది."

మా పెన్ను ఎంత గట్టిగా నొక్కుతున్నామో కూడా పట్టుకోగలదు. ఆ సంగతి మూడేళ్ళుగా తెలిసీ మేం వాడుకోలేదు. మర్నాడు పొద్దున్నే లాడ్జి గదిలో కూర్చుని ప్రోగ్రాము మార్చాను. నొక్కి గీస్తే తప్పనిసరి. తేలిగ్గా గీస్తే సుమారుగా. కింద, ఊళ్ళోని పెద్దాస్పత్రికి వైద్యానికి వచ్చిన చిత్తూరు, నెల్లూరు వాళ్ళు మెట్ల మీద కూర్చుని ఇడ్లీలు తింటున్నారు. ఆ వీధిలో సగం బోర్డులు తెలుగులోనే ఉన్నాయి. టీ రూపాయిన్నర. మన దగ్గరలా గ్లాసు నిండా కాక, ఇత్తడి గిన్నెలో చిన్న ఇత్తడి గ్లాసు బోర్లించి కాఫీ ఇస్తారు. తిప్పడం రాక నేను సగం ఒలకబోసుకున్నాను. పక్కనున్నావిడ తన చీర కొంగుతోనే నా పుస్తకం తుడిచి ఇచ్చింది.

కనియంబాడిలో దక్షిణం పైకి

రెండో రోజు కనియంబాడి. ఊరి బయట వంకాయ తోటలు. ఆ వంకాయకు ముచ్చికలోనే కాదు, కాడ పొడుగునా ముళ్ళే. కోసే ఆడవాళ్ళు పాటలాంటి లయలో చేతులు కదిపారు, ఒక్కరికీ గుచ్చుకోలేదు. వాళ్ళింట్లో సంకటితో పెట్టిన ఆ కూర రుచి ఇంకా నాలుక మీదే ఉంది. మేము గోదావరి వైపు వంకాయలో అల్లం, పచ్చిమిర్చి వేస్తామంటే, "అల్లమా" అని ఇంటావిడ నా వైపు జాలిగా చూసింది.

ఆవిడే పలక మీద తమ ఊరు గీసింది. పైన కొండ, మధ్యలో ఇల్లు, అట్టడుగున వేలూరు. కంప్యూటరు మళ్ళీ తెల్లబోయింది. తన వాకిట్లో దక్షిణంగా మొహం పెట్టి నిలబడితే ఎలా కనిపిస్తుందో అలా గీసిందావిడ. ఉత్తరం పైన ఉండాలని ఆవిడకెవరు చెప్పారు? నేను పలకను చేత్తో పట్టుకుని నెమ్మదిగా తిప్పాను. బొమ్మలోని కొండ ఎదుటి కొండ వైపు తిరగగానే ఆవిడ, "ఆఁ, నిలుపమ్మా" అంది. అంతే తిప్పుడు యంత్రానికీ నేర్పాను. ఆ సాయంత్రం బస్సు కిటికీ పక్కన కూర్చుంటే కొండలు ఒక్కొక్కటే వెనక్కి తిరిగి పోతున్నట్టు, నేను మాత్రం ఉన్నచోటే ఉన్నట్టు అనిపించింది.

గుడియాత్తం, మునెమ్మ అరచెయ్యి

"గుడియాత్తం దగ్గర ఒక పల్లెలో మా అక్క మునెమ్మ ఉంది, వాళ్ళకు నీళ్ళ కష్టం, ఒకసారి చూసి రాండి" అని గోవిందప్ప చెప్పి పంపాడు. మూడో రోజు అక్కడికి చేరాను. గుడియాత్తం వీధుల్లో నడుస్తుంటే ప్రతి ఇంట్లోంచి మగ్గం చప్పుడు వినిపిస్తుంది. రంగు రంగుల లుంగీ నూలు గోడల మీద ఆరేసి ఉంటుంది. కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగాయి, రేడియోలు ఆగాయి, మగ్గాలు మాత్రం ఆగలేదు. ఆ చప్పుడు లోపల ఊరంతా నిద్రలో ఊపిరి తీస్తున్నట్టుంది.

మునెమ్మకు యాభై దాటాయి. ముప్పై ఏళ్ళుగా కట్టడాల దగ్గర సిమెంటు తట్టలు మోస్తోంది. మెడ నిటారుగా ఉంటుంది. వాళ్ళ వీధిలో నలభై ఇళ్ళు. రెండు చేతిపంపులున్నాయి. ఒకదాన్లో నీళ్ళు రావు, ఒకదాన్లో వచ్చేవి పసుప్పచ్చగా, ఉప్పగా ఉంటాయి. పైనున్న, తోళ్ళు శుద్ధి చేసే షెడ్ల మురుగు ఊరి పక్క కాలవలో పారి పారి నేలలోకి దిగిపోయింది. మంచినీళ్ళకు ఆడవాళ్ళు ఏటి ఇసుకలో చెలమలు తీసి, చిప్పతో తోడుకుంటారు.

"బోరు వేస్తామని సర్కారోళ్ళు చెప్పినారు. ఎల్లుండే లారీ వస్తాదంట. చోటు ముందే గుర్తు పెట్టినారు" అంది మునెమ్మ.

"ఎక్కడ?"

"ఆ కాలవ పక్కనే. లారీ పోయేదానికి బాట బాగుండాదంట."

ఆడవాళ్ళంతా పోయి వద్దన్నారట. రాసి ఇమ్మన్నారట. రాయడం ఎవరికీ రాదు. తమిళంలో రాసిపెట్టిన ఒక చదువుకున్నాయన, వీళ్ళు చెప్పిందంతా వదిలి, బోరు కావాలని మాత్రం రాశాడట.

వాకిట్లో చాప వేసి పలక పెట్టాను. నొక్కి గీయడం, తేలిగ్గా గీయడం చెప్పాను. మునెమ్మ చేతికి పెన్ను కొత్త, గీత కొత్త కాదు. ఏరు తేలిగ్గా గీసింది. బోరు సున్నా గట్టిగా చుట్టింది. మురుగు కాలవ గీసింది. అది దగ్గర ఉండకూడదని చెప్పాలి. దానికి మా ప్రోగ్రాములో ఇంటూ గుర్తుంది. ఎర్రటి ఇంటూ పెడితే "ఇది వద్దు" అని అర్థం.

నేను కాలవ మీద ఇంటూ పెట్టి చూపించాను. మునెమ్మ మొహం మాడిపోయింది.

"వద్దంటే ఆడనే తవ్వమంటావేందమ్మా?"

నాకు అర్థం కాలేదు.

"మా తమ్ముడు సున్నంతో ఇంటూ యాడ పెడితే ఆడనే గుంత తవ్వేది. పునాది గుంతకు అదే గుర్తు. ఇదేం గుర్తు?"

నేను పెన్ను కింద పెట్టాను. ముప్పై ఏళ్ళుగా ఆ గుర్తు చూసి గుంత తవ్విన మనిషికి, వద్దు అని చెప్పడానికి అదే గుర్తు ఇచ్చాం. బడిలో తప్పు లెక్కల మీద ఇంటూ పడ్డవాళ్ళమే మేం ముగ్గురం. ఇంకో అర్థం ఉంటుందని తోచనే లేదు.

"మరి వద్దని నువ్వెట్లా చెబుతావు?" అని అడిగాను.

మునెమ్మ అరచెయ్యి పలక మీద పెట్టి కాలవను నేల మీద ముగ్గు చెరిపినట్టు అడ్డంగా తుడిచేసింది. "గీసి తుడిస్తే పాయె. ఉండకూడదని గీస్తిమి, తుడిస్తిమి. ఊరికే గీయకపోతే దానికెట్ల తెలుస్తాది?"

తెర మీద పిచ్చి గీతలు పడి కంప్యూటరు ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టడానికి పావుగంట పట్టింది. ఆ పావుగంటా నేను ఆవిడ అరచేతినే చూస్తూ కూర్చున్నాను. లేనిదాన్ని బొమ్మలో ఎలా గీయాలన్న చోటే మా పని ఏడాదిగా ఆగిపోయి ఉంది.

ఇంటూ తీసేసి, గీసి తుడిచిన గీతకే "ఇది దగ్గర ఉండకూడదు" అనే అర్థం కట్టాను. ఆవిడ మళ్ళీ గీసింది, తుడిచింది. ఈసారి తెర మీద మూడు చోట్లు మెరిశాయి. రెండు చోట్లు బండరాయి మీద. మూడోది ఏటి గట్టుకు దగ్గరగా, చెంగల్రాయుడు అనే రైతు పొలం అంచున.

పూడ్చిన బావి

నాలుగో రోజు పొద్దున చెంగల్రాయుడి ఇంటికి పోయాం. తరాలుగా అక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబం. మనిషి పెద్దమనిషి తీరులో ఉన్నాడు. మజ్జిగ ఇప్పించాడు, మునెమ్మను కూడా అరుగు మీదే కూర్చోమన్నాడు. తెర మీద మెరిసే చోటు చూపించగానే కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు.

"ఆడ వేసేదానికి లేదమ్మా. అది గట్టు. నాదీ కాదు, మా దామోదరానిదీ కాదు." దామోదరం ఆయన చిన్నాయన కొడుకు. పక్క పొలం అతనిది.

అరుగు చివర ఆయన మేనత్త ఆదెమ్మ చింతపండు గింజలు తీస్తోంది. ఎనభై ఏళ్ళ మనిషి. లేచి వచ్చి తెరలోకి వంగి చూసింది.

"ఇది ఏరు గదా? ఇది మన గట్టు గదా?"

"అవునమ్మా" అన్నాను.

"మరి బావి యాడ?"

చెంగల్రాయుడు గొంతు తగ్గించి, "అత్తా, ఆ మాట ఇప్పుడెందుకు?" అన్నాడు.

"ఎందుకేందిరా నాయనా? పటమంటే అన్నీ ఉండాల గదా." ఆదెమ్మ నా చేతిలోని పెన్ను తీసుకుంది. పలక మీద, సరిగ్గా ఆ గట్టున్న చోట, నలుచదరంగా ఒక గడి గీసింది. "గుండ్రంగా కాదు. మాది చతురం బావి. మెట్లు ఉండె."

అప్పుడు చెప్పింది. ఆమె అన్నదమ్ములిద్దరూ పొలం పంచుకుంటే బావి గట్టు మీదికొచ్చింది. నీళ్ళు తోడే వంతుల కాడ మాటా మాటా పెరిగి, ఒకరోజు కట్టెలు ఎత్తుకున్నారు. వాళ్ళ నాయన ఆ వారమే బండ్లతో మన్నూ రాళ్ళూ తోలించి బావిని పూడ్చేశాడు. ఇద్దరికీ లేకుండా పోయింది. ఆ తర్వాత ఇంట్లో ఎవ్వరూ ఆ మాట ఎత్తలేదు. సర్వే వాళ్ళకూ చెప్పలేదు. అందుకే మా పటంలో లేదు.

"పూడ్చే పొద్దు నేను కడాసారి చెంబు ముంచుకొస్తి. టెంకాయ నీళ్ళ మాదిరి ఉండె" అంది ఆదెమ్మ.

చెంగల్రాయుడు తువ్వాలు తీసి మోకాళ్ళ మీద మడతపెట్టసాగాడు. బావి ఉండేదని ఒప్పుకుంటే గట్టు ఎవరిదన్న పాత తగవు మళ్ళీ లేస్తుందని ఆయన భయం. దామోదరంతో తొమ్మిదేళ్ళుగా మాటల్లేవట. మునెమ్మ అరుగు మీద ముందుకు జరిగింది.

"నీ బావి మాకు వద్దు నాయనా. బోరు గుంతకు జానెడు చోటు. అది నీదీ కాదు, ఆయందీ కాదు, ఊరిది అని రాసీండి. అప్పుడు తగవు యాడుండాది?"

ఆయన తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. దామోదరం ఇంటివైపు నడిచాడు. మేం అరుగు మీదే కూర్చుని చూస్తున్నాం. పొలాల మీద ఎండ పలచగా అల్లాడుతోంది. దూరంగా ఇద్దరు మనుషులు గట్టు దగ్గర నిలబడ్డారు. మాటలు వినపడవు. ఒకడు చెయ్యెత్తి ఏదో చూపించాడు, ఇంకొకడు వంగి నేల మీద పుల్లతో గీశాడు. తర్వాత ఇద్దరూ గొంతుక్కూర్చున్నారు. ఎంతసేపు అలా ఉన్నారో తెలియదు. ఆ ఎండలో కాలం కూడా కూర్చుండిపోయినట్టుంది.

మధ్యాహ్నం గుడియాత్తంలో పంచాయతీ యూనియన్ ఆఫీసుకు పోయాం, మన మండలాఫీసు లాంటిది. ఇంజనీరు సెల్వం తమిళుడు, కుర్రతనం పోని మనిషి, మర్యాదస్తుడు. "చోటు మార్చాలంటే ఫైల్లో కాగితం ఉండాలమ్మా. మనుషులు వచ్చి అంటే ఫైలుకి వినపడదు" అన్నాడు తమిళం కలిసిన తెలుగులో. మునెమ్మ గీసిన బొమ్మను వాళ్ళ ప్రింటరు మీద అచ్చు వేశాం. ఏరు, బోరు, తుడిచేసిన కాలవ, చతురం బావి. కింద, ఆ చోటు ఊరిదని రాసి, చెంగల్రాయుడు, దామోదరం తమిళంలో సంతకాలు చేశారు. మునెమ్మ వేలిముద్ర వేసింది. సెల్వం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "తుడిచింది ఏమిటి?" అని అడిగాడు.

"అక్కడ వద్దని" అంది మునెమ్మ.

"సరి. అర్థమయింది" అని ఫైల్లో పెట్టాడు.

తిరుచెంగోడు లారీ

ఐదో రోజు నాకు వేలూరులో రైలు ఉంది. వదిలేశాను. బోరు లారీ తిరుచెంగోడుది, బోరు బండ్లకు పేరుపడ్డ ఊరు. ముందు అద్దం మీద పూలదండ, నిమ్మకాయలు. సెల్వం గట్టు మీద నిలబడి నేల మీద సున్నంతో ఇంటూ వేశాడు. ఈసారి మునెమ్మ తల ఊపింది.

మొదట తెల్లటి దుమ్ము లేచింది. గంటన్నర దుమ్మే. మనుషులు, గొడ్లు, చెట్లు అన్నీ పిండి చల్లినట్టయ్యాయి. దామోదరం, చెంగల్రాయుడు పక్కపక్కన నిలబడ్డారు, ఒకరివైపు ఒకరు చూడకుండా. దుమ్ము ఆగి నల్లటి రాతిపొడి వచ్చింది. లారీ మనుషులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.  నా మాట, నా పటం నమ్మి చోటు మార్చారు. నీళ్ళు పడకపోతే రెండో బోరు ఈ ఏడు రాదు.

ఆడవాళ్ళు ఖాళీ బిందెల మీద కూర్చుని ఉన్నారు.  

పొద్దు నడినెత్తి దాటాక పొడి తడిసింది. బురదైంది. తర్వాత గొట్టంలోంచి నీళ్ళు మనిషి ఎత్తు లేచి పడ్డాయి. కేకలు తక్కువే. అందరూ వెనక్కి జరిగి, మళ్ళీ ముందుకొచ్చారు. బురద తేరాక సెల్వం ఒక గ్లాసు పట్టి మునెమ్మకిచ్చాడు. ఆవిడ తాగలేదు. ఆదెమ్మ కోసం చూసింది.

ఆదెమ్మను చెంగల్రాయుడు ఒక చేత్తో, దామోదరం ఒక చేత్తో పట్టుకుని గట్టు మీదికి నడిపించుకొచ్చారు. ఇన్నేళ్ళలో ఆ గట్టుకు రావడం ఇదే మొదటిసారట. గ్లాసు ఎత్తి రెండు గుక్కలు తాగి, మూడోది నోట్లో ఉంచుకుని కళ్ళు మూసుకుంది. అందరం ఆ మొహం వైపే చూస్తున్నాం.

"అది కాదులే" అంది చివరికి. "ఆ నీళ్ళు వేరే. అయినా ఇవీ మంచి నీళ్ళే. తాగండి."

బిందెలు కదిలాయి.

హైదరాబాదు

డైరెక్టరు గారు నా రిపోర్టు మొత్తం చదివారు. తుడిచే గుర్తు దగ్గర ఆగి రెండుసార్లు చదివానన్నారు. అయినా విదేశీ పెట్టె కొన్నారు, దాని ఆర్డరు నేను బయల్దేరకముందే వెళ్ళిపోయిందట. మా ముగ్గురికీ ఇంకో ఏడాది ఇచ్చారు, ఆ పెట్టెలోని ప్రోగ్రాము మీద మా బొమ్మల భాష ఎక్కించమని. కోపం రావలసింది. రాలేదు. పొద్దున్నే కూర్చుని నొక్కుడు, తిప్పుడు, తుడుపు ఒక్కొక్కటే మళ్ళీ రాస్తున్నాను.

పోయిన వారం వేలూరు పటాన్ని ఆ ప్రోగ్రాములోకి మార్చాం. ప్రతి బావికీ వరసగా గళ్ళుంటాయి. పేరు, లోతు, కొలిచినవారు. చతురం బావి దగ్గర, స్థితి అన్న గడిలో పూడ్చినది అని రాశాను. కొలిచినవారు అన్న గడిలో ఆదెమ్మ అని రాశాను. తనిఖీ చేసే సీనియరు గారు దాన్ని పట్టుకున్నారు.

"ఆదెమ్మ ఎవరు? ఏ శాఖ?"

"ఆ బావి నీళ్ళు తాగినావిడ" అన్నాను.

ఆయన తర్వాతి బావికి జరుగుతూ, ఉంచమన్నారు.